సంచిలో చోటు లేని సీసా

2022 వేసవి. అమలాపురంలో మద్యం మాన్పించే వార్డులో కౌన్సిలర్‌గా పనిచేసి రిటైరై, రాజోలు దగ్గర మా ఊళ్ళో ఉంటున్నాను. కౌన్సిలర్ అంటే మందులిచ్చేవాడు కాదు. డాక్టరు ఒంట్లోని విషం దింపాక, ఆ మనిషి ఇంటికి వెళ్ళి మళ్ళీ గ్లాసు పట్టకుండా ఎలా బతకాలో ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడేవాడు. వార్డులో ఎన్నో కేసులు చూశాను. నేను చెప్పబోయేది మాత్రం రిటైరయ్యాక, జీతం లేకుండా చేసినది. తలచుకుంటే ఇప్పటికీ తల వంగిపోయేది కూడా అదే.

ఒక శుక్రవారం మధ్యాహ్నం కువైట్ నుంచి ఫోను.

"మాస్టారూ, నేనండి, సత్తిబాబునండి. సఖినేటిపల్లి. మీ వార్డులో మంచం కోడు పీకేసినోణ్ణండి."

గుర్తొచ్చాడు. వార్డు నుంచి వెళ్ళాక కువైట్‌లో ఇనుప చువ్వలు కట్టే పనికి కుదిరి, అక్కడ రిలాప్స్ అయ్యాడు. రిలాప్స్ అంటే మానేసినవాడు మళ్ళీ మొదలుపెట్టడం. తాగడం నేరమైన దేశంలో తాగుడు ఎలా దొరికిందని అడిగాను. కూలీల క్యాంపుల్లో దొంగచాటుగా ఏదో కాచి అమ్ముతారట. మానాలనుకున్నవాడు డాక్టరు దగ్గరకు వెళ్ళి ఆ మాట చెప్పలేడు. చెబితే విమానం ఎక్కించేస్తారని భయం. అందుకని సత్తిబాబు తనలాంటి మన వైపు వాళ్ళను కొందరిని పోగేశాడు. శుక్రవారం సెలవు కాబట్టి క్యాంపు వెనక బట్టలుతికే షెడ్డులో చేరతారు. గది లేదు, కుర్చీలు లేవు, తెలిసిన పెద్ద లేడు. బోర్లించిన బకెట్ల మీద కూర్చుని, మధ్యలో ఫోను పెట్టుకుంటారు.

"బట్టల మిషను తిరుగుతుంటే మా మాట బయటికి వినపడదండి. మీకు వినపడుతోందాండి?"

వినపడింది. ఆ రోజు నుంచి ప్రతి శుక్రవారం ఆ మిషను చప్పుడు మధ్య నుంచి ఒక్కొక్కరి గొంతూ వినేవాణ్ణి. మొదట్లో వార్డులో వాడిన పుస్తకం పేజీలు ఫొటోలు తీసి పంపాను. మురమళ్ళ దగ్గరి దానియేలు అనే వంటవాడు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

"అవి చదువుతుంటే నిద్దరొస్తోందండి మాస్టారూ. మీరే మాట్లాడండి. తిట్టినా పర్లేదు."

కువైట్ నుంచి వచ్చేవాడు ఏం తెస్తాడో మా వైపు అందరికీ తెలుసు. పిల్లలకు చాక్లెట్లు, ఆడవాళ్ళకు సెంటూ తలనొప్పి తైలమూ, ముసలివాళ్ళకు కంబళి, బావగారికి సీసా. సీసా అక్కడ దొరకదు కనుక, హైదరాబాదులో దిగగానే విమానాశ్రయంలోని డ్యూటీ ఫ్రీ కొట్లో కొంటారు. ఈ గుంపువాళ్ళు దానికి ఒక ఉపాయం కనిపెట్టారు. ఎవరికైనా సెలవు దొరికితే అతని సంచి అతను సర్దుకోకూడదు. అందరూ కలిసి సర్దుతారు. పాలపొడి డబ్బాలు, ఖర్జూరాలు, తువ్వాళ్ళు మోకాళ్ళతో తొక్కి కుక్కి, జిప్పు వేసి, పైన తాడు బిగిస్తారు.

"కొట్టు ముందు నిలబడినా పెట్టుకోడానికి చోటుండకూడదండి," అన్నాడు దానియేలు.

నా సర్వీసులో ఇంత తెలివైన ఏర్పాటు నేను చూడలేదు. అలా అని వాళ్ళకు చెప్పాను కూడా.

మరుసటి ఏడాది సత్తిబాబుకు సెలవు వచ్చింది. వాళ్ళ బావగారు వీర్రాజు గారి కొత్త ఇంటి గృహప్రవేశం. బయలుదేరే ముందు నాకు విడిగా ఫోను చేశాడు.

"బావకి ఏం చెప్పమంటారండి? అమ్మా నాన్నా పోయేక నన్ను పెంచింది ఆయనేనండి. వీసాకి తిరిగిందీ ఆయనేనండి. ఒట్టి చేతులతో ఎలా వెళ్ళనండి?"

మా వృత్తిలో మొదటి పాఠం ట్రిగ్గర్. తాగాలన్న కోరికను నిద్ర లేపే వస్తువు, చోటు, మనిషి, ఏదైనా ట్రిగ్గరే. దాన్ని చేతికి దూరంగా ఉంచాలి. ఎన్ని వందల మందికి చెప్పానో. ఆ నోటితోనే సత్తిబాబుకు ఇలా చెప్పాను.

"ఒక్కటి కొని ఆయన చేతికిచ్చెయ్యి. నువ్వు ముట్టకు. పెద్దాయన్ని నలుగురిలో చిన్నబుచ్చడం ఎందుకు?"

"మనోళ్ళు వద్దన్నారండి."

"వాళ్ళు సంచి సంగతి చూశారు. ఊరి మర్యాద నాకు తెలుసు కదా."

కారణం మర్యాద ఒక్కటే కాదు. వీర్రాజు గారు కొబ్బరి వ్యాపారి. మా దొడ్లో కాయ దింపించేదీ కొనేదీ ఆయనే. మంచి స్నేహం. రాజోలు మాస్టారు కుర్రాడికి బుద్ధులు నేర్పి మర్యాద చెడగొట్టాడని ఆయన అనుకుంటారేమోనని నాకు లోపల జంకు.

సత్తిబాబు వచ్చాడు. సంచిలో చోటు లేదు కనుక సీసాను కవరులో వేసి, హైదరాబాదు నుంచి రాజోలు దాకా బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. మూత తీయలేదు. తెచ్చి బావగారి చేతిలో పెట్టాడు.

గృహప్రవేశం మర్నాడు మధ్యాహ్నం భోజనానికి నన్నూ పిలిచారు. మేడ మీద మగవాళ్ళం కూర్చున్నాం. వీర్రాజు గారు ఆ సీసా తీసి, మొదటి గ్లాసు సత్తిబాబు ముందుకు జరిపారు.

"తెచ్చినోడు ముందు రుచి చూడాలిరా. లేపోతే అందులో ఏం కలిపేవో అని భయం మాకు!"

అందరూ నవ్వారు.

"నాకొద్దు బావా. మానేసేను."

"మానేస్తే మానేసేవులే. కొత్తింట్లో బావ చేతి గ్లాసు తోసేస్తావా? ఏవండీ మాస్టారూ, మీరు చెప్పండి, ఒక్క గుక్కకి ఏమవుద్దండి?"

సత్తిబాబు నావైపు చూశాడు. ఆ షెడ్డులో బకెట్ల మీద కూర్చునే వాళ్ళందరి తరఫునా చూస్తున్నట్టు చూశాడు. ఒక్క మాట చాలు. ఆ మాట చెప్పడమే నా బతుకుతెరువుగా బతికినవాణ్ణి. నేను నవ్వాను.

"కడుపులో బాగుండటం లేదుట లెండి," అన్నాను.

"కడుపులో బాగోపోతే ఇదే మందండీ!" అన్నారు వీర్రాజు గారు. మళ్ళీ నవ్వులు. సత్తిబాబు నా మీంచి చూపు తిప్పుకుని గ్లాసు అందుకున్నాడు.

యాభై ఏళ్ళుగా డైరీ రాస్తున్నాను. ఆ రోజు కొరమేను పులుసు బాగా కుదిరిందని రాశాను. నేను ఏమన్నానో రాయలేదు.

సెలవంతా తాగాడు. వాళ్ళ అక్క, వీర్రాజు గారి భార్య, రెండుసార్లు రేవులో వెతికించి ఇంటికి రప్పించింది. టిక్కెట్టు మార్పించి ఆలస్యంగా వెళ్ళాడు.

అతను ఇక్కడ ఉండగానే శుక్రవారం ఫోను వచ్చింది. దానియేలు గొంతు.

"సత్తిబాబన్న ఎలా ఉన్నాడండి?"

చెప్పాను.

"చోటు లేకుండా సర్దేం కదండీ. సీసా ఎలా వచ్చిందండి?"

"నేనే తెమ్మన్నాను," అన్నాను.

తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఆయ్. పోనీలెండి," అన్నాడు దానియేలు. "మీరూ మన ఊరోళ్ళే కదండీ."

సత్తిబాబు తిరిగి చేరాక వాళ్ళు అతన్ని ఒక్క మాట అనలేదు. బకెట్టు ఒకటి బోర్లించి కూర్చోబెట్టారు. అందరి బట్టలూ అతని చేతే ఉతికించారు, అంతే. నేను ఇక ఈ పనికి తగనని, వేరే ఎవరినైనా చూసుకోమని చెప్పాను. దానియేలు ఒప్పుకోలేదు.

"సంచి మేం చూసుకుంటామండి. ఇక్కణ్ణించి ఇల్లు చూడలేం కదండీ. మీరు ఇల్లు చూసుకోండి."

అప్పటి నుంచి నా పని మారింది. అక్కడ ఎవరికైనా సెలవు దొరికిందని తెలిస్తే, అతని కంటే ముందు నేను ఆటో ఎక్కి వాళ్ళ ఇంటికి వెళతాను. ఇంటి పెద్ద ఎదురుగా కూర్చుని, సీసా రాదని, అడగవద్దని, పోయవద్దని చెబుతాను. ప్రతిసారీ నాలుక తడబడుతుంది. మర్యాద కూడా ఒక ట్రిగ్గరే అని, అది తాగేవాడి కంటే నాలోనే ముందు పనిచేస్తుందని ఆ కేసు నాకు నేర్పింది.

ఇప్పుడు సత్తిబాబుకు మళ్ళీ సెలవు. పోయిన వారం వీర్రాజు గారి కొబ్బరి రాశి దగ్గరకు వెళ్ళాను. ఆయన కాయలు ఏరిస్తున్నారు.

"ఏంటండీ మాస్టారూ, మీ దింపు ఇంకా రాలేదు కదండీ?"

"దింపు కోసం కాదండి. సత్తిబాబు వస్తున్నాడు. సీసా తేడు. మీరు ఇవ్వకండి, ఎవరినీ ఇవ్వనివ్వకండి. ఈసారి తాగితే మనిషి దక్కడు."

ఆయన చేతిలోని కాయ కింద పెట్టారు.

"అంత జబ్బాండీ అది?"

"అంతేనండి."

"నాకెవరూ చెప్పలేదండి. వార్డులో ఉంచినప్పుడే నయమైపోయిందనుకున్నాను. మానేసేను అంటే ఏదో దేవుడి మొక్కు అనుకున్నాను. మొక్కు తీరిపోయిందేమోలే అని పోసేను." తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "మా వాడు, మా చేతుల మీద పెరిగినోడండి. తెలిస్తే పోస్తానాండీ?" కోపం లేకుండానే అడిగారు. "ఆ వేళ మేడ మీద మీరు నా పక్కనే కూర్చున్నారు కదండీ. అడిగేను కూడాను. అప్పుడే చెప్పొచ్చు కదండీ?"

"ఆయ్, చెప్పాల్సిందండి," అన్నాను.