నడిమి సాసరు

మొన్న మనుమరాలు గండిపేట దుకాణం నుంచి మూడు రకాల చాయ్‌పత్తా తెచ్చి, పాలు కలపకుండా మూడు కప్పుల్లో కాచి నా ముందు పెట్టింది. ఆవిరి ముఖానికి తగలగానే చేవెళ్లలో మా కిరాణా దుకాణం వెనక వసారా, గోనెసంచుల వాసన, చీమలు పట్టిన బెల్లం కుండ, వాటి నడుమ పీట వేసుకుని కూర్చున్న మా అవ్వ గుర్తొచ్చాయి. మా ఇంట్లో కన్నతల్లినే అవ్వ అని, తండ్రిని బాపు అని పిలిచేవాళ్లం.

అప్పటికి ఊళ్లో చాయ్ ఇంకా కొత్త. బాపు పట్నంలో చాయ్‌పత్తా సంచి కొనేముందు మూడు పొట్లాల్లో మచ్చు తెచ్చేవాడు. అవ్వ పొద్దున్నే తానం చేసి, పరగడుపున, పాలూ చక్కెరా లేని చాయ్‌ను మూడు సాసర్లలో పోసి, ఒక్కో గుక్క నోట్లో తిప్పి బూడిదలో ఉమ్మేది. పొడుగాటి ఆకుకు వాసన ఎక్కువ, రవ్వకు రంగు ఎక్కువ, సన్నటి దుమ్ముకు చేదు ఎక్కువ. మాడ్చిన శనగపొట్టు కలిపితే మాత్రం ఆమె నాలుక ఇట్టే పట్టేసేది. పక్కన కూర్చుని నేనూ రుచి చూసి ముఖం చిట్లిస్తే నవ్వేది. చలికాలమైతే ఆ తరవాత మా ఇద్దరికీ బెల్లం చాయ్, అందులో ముంచుకోవడానికి జొన్నరొట్టె. మొయినాబాద్ బండ్లవాళ్లు సైతం అవ్వ మెచ్చిన పత్తానే కట్టించుకుని పోయేవాళ్లు.

నా తొమ్మిదో ఏట అవ్వ జ్వరంతో పోయింది. నాకు ఏడుపు రాలేదు. పెడితే తిన్నాను, పడుకోమంటే పడుకున్నాను. దినాలయిన మర్నాడు బాపు మూడు సాసర్లు నా ముందు పెట్టాడు.

"తల్లి నాలుక బిడ్డకు రాకుంట ఎటు పోతది? జర చూడు బిడ్డా."

మూడూ వేడినీళ్లలాగే ఉన్నాయి. బాపు నా నోటివైపే చూస్తున్నాడు. తెలియడం లేదంటే అవ్వది ఇంట్లో ఏమీ మిగల్లేదని ఆయనకు తేలిపోతుందని భయమేసింది. నడిమి సాసరు చూపించాను. బాపు నా తల నిమిరి, అదే పత్తా సంచెడు తెప్పించాడు.

నెల తిరిగాక ఖాళీ సంచి దులుపుతుంటే అడుగున అంతా శనగపొట్టే. అది చూసింది నేనొక్కదాన్నే. అన్నాళ్లూ కొన్నవాళ్లెవరూ పల్లెత్తు మాట అనలేదు. ఉండబట్టలేక, ఎంకపల్లి నుంచి బండి తోలుకొచ్చే ముసలి మల్లయ్యను చాయ్ ఎట్లున్నదని అడిగాను.

"సప్పగనే ఉన్నది బిడ్డా. అవ్వ పోయింది గదా, మా నోటికే రుచి పోయిందనుకున్నం."

బాపు కూడా అట్లాగే అనుకున్నాడేమో.

ఇప్పుడు బాపు లేడు, దుకాణం లేదు, చాయ్‌ను సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగేవాళ్లూ కనబడరు.

"ఏది మంచిగున్నది నానమ్మా?" అని అడిగింది మనుమరాలు.

చెయ్యి దానంతటదే నడిమి కప్పు మీదికి పోయింది. వెనక్కి తీసుకున్నాను.

"నాకు తెలుస్తలేదు బిడ్డా," అన్నాను. బాపు అడిగిన రోజు అనాల్సిన మాట అది.