అయిదువందల ఇరవై అయిదు రెట్లు

మొన్న ఆదివారం మా అపార్టుమెంటులో కింది అంతస్తు అమ్మాయి కొత్త టెలిస్కోపు పెట్టె పట్టుకుని పైకొచ్చింది, ఆంటీకి లెక్కలు బాగా వచ్చు కదా, బిగించడంలో సాయం చేస్తారేమోనని. పెట్టె మీద చంద్రుడంత పెద్ద అక్షరాలతో ఎన్ని రెట్లు పెంచి చూపిస్తుందో వేశారు. ఆ అంకె చూడగానే నాకు ఎల్బీ నగర్‌లో మా వసారా, ఎదురుగా మెట్రో స్తంభాలు, చేతిలో కాఫీ గ్లాసు, అన్నీ ఒక్క క్షణం లేకుండా పోయాయి. ఆ పిల్ల వెళ్లాక మావారు ఏమైందని అడిగితే, ఏం లేదన్నాను. ముప్ఫై అయిదేళ్ల కాపురం కాబట్టి ఆయన మళ్లీ అడగలేదు.

తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా ఉన్న రోజుల్లో మేము కొత్తపేటలో, పండ్ల మార్కెట్ వెనక సందులో అద్దెకుండేవాళ్లం. పొద్దున లేస్తే బత్తాయి వాసన, మామిడి రోజుల్లో లారీల హారన్లు. ఇప్పుడా మార్కెట్ బాటసింగారానికి తరలిపోయింది గానీ, మన వయసు వాళ్లకు ఆ వాసన ముక్కులోనే ఉండి ఉంటుంది. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పేదాన్ని. గుంటూరు వైపు నుంచి వచ్చినదాన్ని, నోరు కాస్త పెద్దదే, లెక్క విషయంలో నాకెవరూ ఎదురు చెప్పేవాళ్లు కాదు. అర్థం కాలేదని ఎవరైనా పిల్లలంటే, సరిగా చూడు, బోర్డు మీదే ఉంది అనేదాన్ని.

ఆ ఏడాది నాంపల్లి ఎగ్జిబిషన్‌లో, అదే నుమాయిష్‌లో, మావారు సరదాపడి ఒక చిన్న టెలిస్కోపు కొన్నారు. ముందున్న అద్దం అరవై మిల్లీమీటర్లు, అంటే టీ గ్లాసు మూతి అంత. గొట్టం పొడవు ఏడువందల మిల్లీమీటర్లు, నా చెయ్యంత. కంటి దగ్గర పెట్టుకోవడానికి రెండు చిన్న అద్దాల గొట్టాలు ఇచ్చారు, ఒకటి లావుది, ఒకటి సన్నది. మధ్యలో పెడితే బొమ్మను మూడింతలు చేసే గొట్టం ఇంకొకటి. కాగితం చదివి లెక్క కట్టాను. లావు అద్దం పెడితే ముప్ఫై అయిదు రెట్లే. సన్నది పెడితే గొట్టం పొడవు ఏడు వందల్ని ఆ అద్దం మీద వేసిన నాలుగుతో భాగించాలి, నూట డెబ్బై అయిదు. దాన్ని మూడుతో గుణిస్తే అయిదువందల ఇరవై అయిదు. పెట్టె మీద వేసింది కూడా అదే అంకె. అయిదువందలు చేతిలో ఉండగా ముప్ఫై అయిదుతో చూసేవాళ్లెవరు? ఆ లావు గొట్టాన్ని తీసి సూదీ దారాల డబ్బాలో పడేశాను.

మా ఇంటి ఓనరు నల్గొండ జిల్లా పల్లె నుంచి వచ్చిన రిటైర్డు సోషల్ మాస్టారు. సందులో అందరికీ ఆయన సారు, నాకు మాత్రం మాస్టారు. ఉద్యమం మీద ఆయనకు ప్రాణం. దీక్షా శిబిరంలో కూర్చుని వచ్చి, మా ఇంట్లో ఉప్మా తిని, మా ప్రాంతపు నాయకుల్ని నా ఎదురుగానే తిట్టి, నీళ్లు సరిగా వస్తున్నాయా అని అడిగి వెళ్లేవారు. సందు చివర ఎవరో మమ్మల్ని ఉద్దేశించి ఏదో అంటే, మా ఇంట్ల బిడ్డను అంటే ఊకోను అని కర్ర పట్టుకుని వెళ్లిన మనిషి. ఆయనకు నీటికాసులు, అదే గ్లకోమా. ఒక కన్ను అప్పటికే పోయింది. రెండోదాంట్లో మిగిలిన కాస్త చూపూ నిలవాలంటే పొద్దునా సాయంత్రం చుక్కలమందు మానకూడదని డాక్టరు చెప్పారు. ఆ మందు కోసం వాళ్లావిడ గడియారం చూస్తూ తిరిగేది.

ఆయనకొక కోరిక ఉండేది. గురుగ్రహం చుట్టూ చందమామలు తిరుగుతాయని ముప్ఫై ఏళ్లు బళ్లో చెప్పారట, ఒక్కనాడూ కళ్లారా చూడలేదట. ఉన్న ఒక్క కన్నూ పోకముందు చూపిస్తావా బిడ్డా అని ఆయన అడిగితే, అదెంత పని మాస్టారూ అన్నాను.

అప్పుడే సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు లేవు, బడులు లేవు, మా కోచింగ్‌కూ తాళం పడింది. రోడ్ల మీద వంటావార్పు, కూడళ్లలో బతుకమ్మ. బొగ్గు లేక కరెంటు కోత. ఎనిమిదిన్నరకు దీపాలు పోతే కొత్తపేట మీద అన్ని చుక్కలుంటాయని నాకప్పుడే తెలిసింది. తూర్పున మార్కెట్ రేకుల షెడ్ల మీదుగా గురుడు దీపంలా లేచేవాడు. మాస్టారు ఒక్కో మెట్టూ తడుముకుంటూ డాబా మీదికి వచ్చేవారు.

నేను అయిదువందల ఇరవై అయిదు బిగించేదాన్ని. ఊపిరి పీల్చినా గొట్టం ఊగేది. గ్రహం అద్దంలోకి చిక్కడమే గగనం, చిక్కినా పది పదిహేను లెక్కపెట్టేలోగా పక్కకు జారిపోయేది. ఆ కాస్త సేపూ కనిపించేది నీళ్లలో తేలే మసక మరక. నాకూ చందమామల చుక్కలేమీ కనపడలేదు. నిజం చెప్పాలంటే కనపడలేదు, కానీ ఏదో కనపడుతోందని నాకు నేనే చెప్పుకున్నాను. లెక్క సరిపోయాక వస్తువు కనపడకపోవడం ఏమిటి? చూడండి మాస్టారూ, ఉంది, సరిగా చూడండి అని ఆయన తల పట్టుకుని మరీ వంచాను. ఆయన కంట్లో వత్తులేసుకుని చూసేవారు. అలా వారం రోజులు. చివరి రోజు మెల్లిగా లేచి నడుం పట్టుకుని అన్నారు.

"ఇడిసిపెట్టు బిడ్డా. నీ మిషిన్‌ది ఏం తప్పు లేదు. నా కన్నే ఖరాబైంది."

నేను కాదనలేదు. ఇన్నేళ్లయినా నన్ను కోస్తున్నది అదే. అయ్యో, అలా ఏం కాదులెండి అని ఒక్క మాట అని ఉంటే చాలు. కానీ ఆయన కన్నుదే తప్పని నేనూ నమ్మాను, నమ్మడం నాకు సుఖంగా ఉంది. గొట్టం తీసుకెళ్లి బీరువా పక్కన నిలబెట్టాను. సమ్మె ముగిసింది, బస్సులు తిరిగాయి, మా తరగతులు మొదలయ్యాయి.

కార్తీకం చివర్లో ఒక సాయంత్రం రవిక హుక్కు కుట్టుకుందామని సూదీ దారాల డబ్బా తీస్తే అడుగున లావు గొట్టం తగిలింది. ఎందుకు బుద్ధి పుట్టిందో, డాబా మీదికి వెళ్లి అదొక్కటే పెట్టి చూశాను. ముప్ఫై అయిదు రెట్లు. కందిబద్దంత గురుడు, అంచు చెదరకుండా, కదలకుండా. పక్కన ఒకే వరుసలో ఒకవైపు మూడు చుక్కలు, రెండోవైపు ఒకటి. వీధి దీపాలన్నీ వెలుగుతున్నా అంత స్పష్టంగా ఉన్నాయి. ముందున్న అద్దం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపుకు మించి పెంచితే మసకే పెరుగుతుందని, మా గొట్టానికి నూట ఇరవై దాటితే దండగని తర్వాత ఎక్కడో చదివాను. ఆ క్షణాన మాత్రం నాకు సంతోషం తప్ప ఇంకేమీ తోచలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి పరుగెత్తాను.

మాస్టారు వచ్చారు. ఈసారి వాళ్లావిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది, అది నేను గమనించనేలేదు. ఆయన వంగి చాలాసేపు చూశారు. నేను పక్కనే నిలబడి గొట్టం జారలేదు కదా అని రెండుసార్లు సరిచూశాను. గురుడు అక్కడే ఉన్నాడు, నాలుగు చుక్కలూ ఉన్నాయి.

"చీకటే ఉన్నది బిడ్డా" అన్నారు.

మర్నాడు ఆయన దిండు కింద సీలు తీయని మందు సీసాలు రెండు దొరికాయి. మిగిలిన కన్నూ పోయినట్టే, ఇక మందు దండగ అనుకుని డాబా మీద చూసిన ఆ వారం తర్వాతే మానేశారట. "రోజూ నేనే ఏసుకుంటున్న అంటే, నిజమే అనుకున్న బిడ్డా" అని వాళ్లావిడ మెట్ల మీద కూలబడి ఏడ్చింది. మలక్‌పేట వైపు డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. పోయిన చూపు రాదన్నారు. మందు వేసుకుని ఉంటే నిలిచేదా అని అడిగితే, అప్పటికే బాగా ముదిరింది, చెప్పలేమన్నారు. మానిపించింది నేనేనని ఆ గదిలో చెప్పలేకపోయాను.

మాస్టారికి మాత్రం చెప్పాను. తప్పు మీ కన్నుది కాదు, నేను పెట్టిన అద్దానిది, నాకూ ఆ రోజుల్లో ఏమీ కనపడలేదు అని ఆయన మంచం దగ్గర కూర్చుని చెప్పాను. తిడతారనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన "ఎన్ని చుక్కలున్నయి బిడ్డా? ఏ దిక్కు ఎన్నున్నయి?" అని అడిగారు. చెప్పాను. "గట్లయితే పోరగాండ్లకు నేను చెప్పింది కరెక్టే అన్నట్టు" అన్నారు.

తెలంగాణ వచ్చిన రోజు సందులో పటాకులు కాలుస్తుంటే ఆయన అరుగు మీద కూర్చుని ఆ చప్పుళ్లన్నీ విన్నారు. రంగులు ఎలా ఉన్నాయో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగారు. ఒక్కొక్కటీ చెప్పాను. నా చెయ్యి వదల్లేదు. ఆ తర్వాత మూడేళ్లకు ఆయన పోయారు, మేము ఎల్బీ నగర్‌కు మారాము.

ఇప్పుడు మా ఇంట్లో నేను ఏం చెప్పినా, చారులో ఇంగువ ఎంత వేయాలన్నా సరే, మనవరాలి దగ్గర్నుంచి మావారి దాకా అందరూ ఫోను తీసి సరిచూసుకుంటారు. మన కాలంలో పెద్దవాళ్ల మాట, పంతులమ్మ మాట అలా ఎవరూ సరిచూసేవాళ్లు కాదు, అదొక గౌరవం. ఆ గౌరవం పోయిందని నా ఈడు వాళ్లు కలిసినప్పుడల్లా వాపోతుంటే నేనూ తలూపుతాను. ఊపుతూనే మాస్టారు గుర్తొస్తారు. ఆయన నన్ను అంత నమ్మకుండా ఉంటే ఎంత బాగుండేది.