తాగని టీ

ఆమె ఒకచోట నిలకడగా కూర్చున్నట్టు నాకు జ్ఞాపకం లేదు. అమెరికాలో నల్లజాతివారి చరిత్రను అధ్యయనం చేసే ఒక విశ్వవిద్యాలయ కేంద్రం నుంచి, అంటరానితనం మీద పరిశోధనకని మా బాగేపల్లి వైపు వచ్చింది. తనూ నల్లజాతి మనిషే. మా పల్లెలకు సెల్‌ఫోన్లు కొత్తగా వస్తున్న రోజులవి. ఆమె మాటలు తెలుగులో చెప్పే పని నాది. ప్రశ్న అడిగి, జవాబు వచ్చేలోగా లేచి నాలుగడుగులు అటూ ఇటూ వేసేది.

ఒకరోజు, ఆమెతో మాట్లాడిన దళిత అవ్వను వెంటబెట్టుకుని ఊళ్ళోని టీ హోటలుకు వెళ్ళాం. హోటలాయన మా ఇద్దరికీ స్టీలు లోటాల్లో, అవ్వకు ప్లాస్టిక్ కప్పులో టీ ఇచ్చాడు. ఆమె తన లోటా అవ్వ చేతిలో పెట్టి, ఆ కప్పు తాను తీసుకుంది. హోటలాయన ముఖం తిప్పుకున్నాడు. అవ్వ భయపడుతూనే తాగింది.

ఆమె బస చింతామణిలో. తిరిగి వెళ్ళేటప్పుడు బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా నిలబడే ఉంది.

"నేను రేపో మాపో వెళ్ళిపోతాను. ఇక్కడ బతకాల్సింది ఆ అవ్వ. తప్పు చేశానా?" అని దారి పొడుగునా అడిగింది.

మర్నాడు నేరుగా అవ్వ ఇంటికే పోయాం.

"ఎవురన్నా ఏమన్నా అనిరా అవ్వా?" అన్నాను.

"పొద్దున నేనొక్కదాన్నే పోతినమ్మా. మళ్ళా ఆ కప్పులోనే ఇచ్చె. తాగబుద్ధి కాలేదు. ఆడే పెట్టేసి వస్తిని."

నేను ఇంగ్లీషులో చెప్పగానే ఆమె కళ్ళు నిండాయి. అవ్వ కొంగు దోపుకుని లేచింది.

"ఆయమ్మను ఏడవొద్దని చెప్పు. పాండి, పోదాం. ఈ తూరి లోటాలో ఇయ్యమని నేనే అడగతా."