పప్పన్నం డబ్బా

నెట్ సెంటర్ వాడు షట్టర్ దించేలోపు ఇది రాసేయాలి, లేకపోతే నాకు నిద్ర పట్టదు.

రెండో తరగతి చదివే మా పాప ఈ రోజు అన్నం డబ్బా మూత కూడా తీయకుండా బడి నుంచి తిరిగి తెచ్చింది. "తురకోళ్ల అన్నం వాసనొస్తది, పక్కన కూసోవద్దని మా అమ్మ చెప్పింది" అని తోటి పిల్ల అందట. టీచరమ్మ ఆ పిల్లను ఏమీ అనలేదు. మా పాపనే లేపి చివరి బెంచీలో కూర్చోబెట్టింది. డబ్బాలో ఉన్నది పప్పన్నం.

సాయంత్రం నమాజు చేసి వనపర్తిలో మా వీధి మసీదు నుంచి బయటికొచ్చాను. ఒంట్లో బాగాలేని పిల్లలకు నమాజు చేసి వచ్చేవాళ్లతో దువా చదివించి ఊదించుకోవడానికి రోజూలాగే తల్లులు గుమ్మం దగ్గర నిలబడ్డారు. వాళ్లలో ఆ పిల్ల తల్లి కూడా ఉంది, చంకలో చంటివాడితో.

"భాయ్, పిలగానికి జెరమొచ్చింది, జర ఊదవా" అంది.

"ఊదుత అక్కా. గని నేను తిన్నది గూడ మా పాప డబ్బాల పప్పన్నమే. పిలగానికి వాసనొస్తదేమో చూసుకో."

ఆమె తల దించుకుంది గానీ పిల్లాణ్ణి వెనక్కి తీసుకోలేదు. మిగతా తల్లులు విననట్టే నిలబడ్డారు. ఊదాను. వాడి ఒళ్లు కాలిపోతోంది, వాడేం చేశాడు?

ఇంటికెళ్లేసరికి మా పాప ఆ డబ్బాను సబ్బుతో తోముతోంది. తోమి, వాసన చూసి, మళ్లీ తోముతోంది.

లేని వాసనను పోగొట్టే సబ్బు ఏ దుకాణంలో దొరుకుతుందో, అంటించినవాళ్లూ పక్కన నిలబడి చూసినవాళ్లూ చెప్పండి. పొద్దున్నే పోయి కొనుక్కొస్తాను.