లలితమ్మ బర్రె, వైకుంఠం క్లారినెట్

లాల్‌దర్వాజాలో కిరాయి ఎగ్గొట్టిన మనిషిని ఖాళీ చేయించడానికి బర్రెను జడ్జిగా కూర్చోబెట్టిన ఇంటి ఓనరు ఒక్క లలితమ్మే. వకీలు లేడు, నోటీసు లేదు, పోలీసు ఠాణా మెట్లెక్కింది లేదు. పాలకొచ్చిన వాళ్లంతా గిన్నెలు పట్టుకుని చూస్తుండగా ఆ నాలుగు కాళ్ల జడ్జి నిలబడే తీర్పు చెప్పింది. తర్వాత పెద్ద కోర్టు వకీళ్లు ఇద్దరు వచ్చి, అది నెమరేసే పద్ధతి చూసి, ఇంత ఓపిక మా దగ్గర ఎవరికీ లేదని దండం పెట్టి పోయారని కూడా అంటారు. నమ్మనివాళ్లు ఆ సందులో ఎవరినైనా అడగొచ్చు. ఒక్క లలితమ్మను తప్ప.

మహంకాళి గుడి వెనక సందులో ఆమె ఇల్లు. వెనకాల ఐదు బర్రెల కొట్టం, ముందర వీధిలోకి తలుపున్న ఒక గది. ఆ గదిలో వైకుంఠం కిరాయికుండేవాడు. బ్యాండు మేళంలో క్లారినెట్ ఊదుతాడు. ఒకసారి బరాత్‌లో అతను ఊపందుకుంటే, పెళ్లికొడుకును దించేసి గుర్రమే పోయి పీటల మీద కూర్చుందని శాలిబండ దాకా చెప్పుకుంటారు.

మొన్నటి చలికాలంలో లలితమ్మ కొత్త బర్రెను కొనుక్కొచ్చింది. వచ్చిన వారానికే దాని దూడ చచ్చిపోయింది. ఇక బర్రె చేపడం మానేసింది. పొదుగు రాయిలా బిగుసుకున్నా చుక్క కిందికి వదలదు. సూది వేయిస్తే పాలు దిగుతాయని అందరూ చెప్పారు.

"సూదేసిన పాలు నా చేతులకెల్లి ఎవలింటికీ పోవు," అని లలితమ్మ తెగేసి చెప్పింది. పొదుగు నిమిరింది, బతిమిలాడింది, తిట్టింది, మళ్లీ బతిమిలాడింది. ఒక పొద్దున తొట్టిలో కొత్తగా తెచ్చిన పత్తిచెక్క దాణా కలిపి పోసి, ఆశ లేకుండానే బకెట్ పట్టుకుని కూర్చుంది. సరిగ్గా అప్పుడే ముందు గదిలో వైకుంఠం ఏదో పాత సినిమా పాట ఎత్తుకున్నాడు. బర్రె చెవులు ఆడించింది. జర్రుమని ధార బకెట్లో పడింది.

ఇంకేముంది! వైకుంఠం పాటకు బర్రె చేపిందని సందంతా ఒకటే లొల్లి. ఆ పాలతో కాచిన చాయ్ తాగిన ఒక ముసలాయన చేతికర్ర పక్కన పడేసి తాళానికి అడుగేసుకుంటూ దబీర్‌పురా స్టేషన్ దాకా నడిచాడట. లలితమ్మకు చాయ్ సంగతి తెలియదు గానీ, పాట సంగతి మాత్రం నిజమేననుకుంది. కళ్ల ముందు జరిగింది కదా. అప్పట్నుంచి రోజూ అతను పాట ఎత్తుకున్నాకే తొట్టిలో పత్తిచెక్క పోసి పిండేది.

ఆ నెల నుంచే వైకుంఠం కిరాయి బంద్ పెట్టాడు.

"ఏంది వైకుంఠం, కిరాయి ముచ్చటే లేదు?"

"కిరాయా? అక్కా, బరాత్ల ఊదితే పైసలిస్తరు. నీ బర్రెకు దినాం ఊదుతున్న. ఎన్నడన్న అడిగిన్నా? మనం మనం ఒకటని ఊకున్న."

"అయితే ఇగ నేనే నీకు బాకీనా?"

"అరెరె, గట్ల నేనంటనా? నువ్వే అన్నవ్!"

లలితమ్మ నోరు మూసుకుని వచ్చేసేది. మూసుకోనిది కూతురు అమల. లాడ్ బజార్ దగ్గర ఒక టైలర్ సేటు దుకాణంలో ఏళ్ల తరబడి పరాయి మిషన్ తొక్కీ తొక్కీ సొంతంగా రెండు మిషన్లు కొనుక్కుంది. వీధి వైపున్న ఆ గదిలోనే దుకాణం పెట్టాలని ఆమె ఆశ. బోనాలకు నెల ముందే జాకెట్ గుడ్డలు కుప్పలుగా వచ్చి పడతాయి. ఆ సీజన్ తప్పితే మళ్లీ సేటు దగ్గర చేతులు కట్టుకోవలసిందే. మిషన్లేమో కొట్టంలో తాడిపత్రి పట్టా కింద పడి ఉన్నాయి.

"నా గది ఆయనకు, నా మిషన్లు బర్రెలకు. మంచిగుంది నీ న్యాయం," అనేది అమల.

"ఆయనను ఎల్లగొడితే బర్రె చేపది బిడ్డా. అన్నిట్లకెల్లి ఎక్కువ దాని పాలే గద, అయ్యే మనల్ని నడిపిస్తున్నయ్."

ఇలా ఉండగా పెళ్లిళ్ల సీజన్‌లో వైకుంఠం మేళంతో వరంగల్ పోయాడు. ఆ పొద్దున లలితమ్మ బకెట్ పట్టుకుని కూర్చుంది. అమల ఫోన్‌లో వైకుంఠం పాట రికార్డు పెట్టి బర్రె చెవి దగ్గర పట్టింది. బర్రె ఒక్క తాపు తన్నింది. బకెట్ పోయి గోడకు తగిలింది.

"దానికి రికార్డు నచ్చది. మనిషే రావాలె," అంది పాలకొచ్చిన రాజమణి.

లలితమ్మ ఆశ వదులుకుంది. "పోనీ తీ, నువ్వన్న తిను," అని తొట్టిలో పత్తిచెక్క పోసింది. బర్రె మూతి పెట్టిందో లేదో, చనుల నుంచి పాలు వాటంతటవే బొట్లు బొట్లుగా రాలాయి. లలితమ్మ తొట్టి వైపు చూసింది. మూగబోయిన ఫోన్ వైపు చూసింది. పాలు పిండుకుని లేచి, కూతురితో ఒక్కటే అంది.

"బిడ్డా, మిషన్లకు నూనె ఎయ్."

వైకుంఠం తిరిగి రాగానే పందెం కట్టింది. "రేపు కొట్టంలకొచ్చి ఊదు. బర్రె చేపితే ఏడాది కిరాయి మాఫీ. చేపకపోతే గది ఖాళీ."

"గింతేనా అక్కా!"

మర్నాడు ఎర్రకోటు, జరీ టోపీతో దిగాడు. జనం గోడలెక్కారు. అతను ఊదిన ఊదుడుకు చార్మినార్ పావురాలన్నీ ఎగిరొచ్చి కొట్టం మీద వాలాయట. పెళ్లి పాటలు అయ్యాయి, భజనలు అయ్యాయి, మొహం కోటు కంటే ఎర్రబడింది. లలితమ్మ తొట్టిలో ఏమీ పోయలేదు. బర్రె ఖాళీ తొట్టిని చూసింది, వైకుంఠాన్ని చూసింది, తోకెత్తి అతని బూట్ల పక్కనే పేడ వేసింది.

అప్పుడు లలితమ్మ దాణా పోసింది. ధార పడింది.

"అక్కా! గిట్ల మోసం జేస్తవా?"

"మోసమేంది? గిన్ని దినాలు దాణా నేను వెట్టిన, పేరు నువ్వు దెచ్చుకున్నవ్. పాత కిరాయి నీకున్నప్పుడియ్యి. గది మాత్రం ఆదివారం లోపట గావాలె. నా బిడ్డ దుకాణం వెట్టుకోవాలె."

వైకుంఠం టోపీ తీసి తల గోక్కున్నాడు. "దబీర్‌పురాల మా బామ్మర్ది ఇల్లుంది. కానీ ఆయనకు బర్రెల్లేవ్."

"మేకలున్నయా?"

"ఉన్నయ్."

"మరింకేం ఫికర్? నడువు."

ఆదివారం పాల ఆటోలోనే అతని సామాను పోయింది. ఆ సాయంత్రమే గదిలో రెండు మిషన్లు దిగాయి. రాజమణి తెచ్చిన పచ్చ జాకెట్ గుడ్డతో అమల బోణీ చేసింది. బోనాలు వచ్చేసరికి ఆమెకు తల ఎత్తే తీరిక లేదు.

బర్రె కీర్తి మాత్రం పెరుగుతూనే ఉంది. ఇప్పుడది భార్యాభర్తల తగాదాలు కూడా తీరుస్తోందట. లలితమ్మ ముందర ఎవరైనా ఈ కథ ఎత్తుకుంటే మాత్రం ఆమె సగం దాకా కూడా రానివ్వదు. పాలు కొలుస్తూ, తల ఎత్తకుండానే అంటుంది:

"జడ్జి ఏంది, తీర్పేంది. దానికి ఆకలైంది, నేను దాణా ఎయ్యలే. గంతే. గిన్నె వట్టు."