మెర్ల్ శుక్రవారం మెయిల్

ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో ఓ చిన్న ఊరి బౌల్స్ (పచ్చికపై బంతులు దొర్లించే ఆట) క్లబ్ కార్యదర్శి మెర్ల్ కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, ఒంటివేలితో టైపు చేస్తుంది. క్లబ్బు వారం వారం నడిపే లాటరీలో బహుమతి, వండుకోడానికి మాంసం పేర్చిన ట్రే. ప్రతి శుక్రవారం “గెలవండి! త్వరపడండి!” అంటూ సభ్యులందరికీ ఒకే మెయిల్ కొట్టి, టీ పెట్టుకుంటుంది. క్లబ్బు సభ్యుడు నార్మ్ చనిపోయినప్పుడు అంత్యక్రియల కబురూ అలాగే పంపింది. ఊరందరికీ సరిపడా శాండ్‌విచ్‌లు చేసుకెళ్తే, చర్చిలో నలుగురే ఉన్నారు. మిగతావాళ్లకు ఆ మెయిల్ ‘స్పామ్’ అనే చెత్తబుట్టలో పడింది.

“నా మెయిల్‌కేం రోగం?” అంది మెర్ల్.

“నీ లాటరీ మెయిల్ రాగానే జనం ‘స్పామ్’ అని నొక్కుతారే. అలా నొక్కీ నొక్కీ, ఇప్పుడు క్లబ్బు పేరు చూస్తే చాలు, మెయిల్ కంపెనీలు లోపలికి రానివ్వడం లేదు,” అంది నార్మ్ భార్య జాయిస్.

“ఎవరే అలా నొక్కింది?”

జాయిస్ శవపేటిక వైపు చూసింది. “ముందు నొక్కింది ఈయనే. ఒక్కసారీ ట్రే గెలవలేదని.”