పిడి వదులుగా ఉంది

బ్రహ్మచారికి పొద్దున్నుంచీ ఒళ్లు మండుతూనే ఉంది. బోయిగూడలో కట్టె డిపోల వెనక సందులో, ఇంటి ముందు రేకుల కింద ఆయన వడ్రంగి పని చేస్తాడు. ఆ రోజు రంపానికి పదును పెడుతున్నాడు. లోపల ఆయన కూతురు లాస్యకు, బావమరిది హరికిషన్ రేపటి ఇంటర్వ్యూ జవాబులు బట్టీ పట్టిస్తున్నాడు. పిల్ల ఐటీఐలో ఫిట్టర్ కోర్సు పూర్తి చేసింది. లిఫ్టులు తయారుచేసే కంపెనీ అప్రెంటిస్‌గా తీసుకునేది ఒక్కరినే. ఇది తప్పితే మళ్లీ ఏడాది దాకా పిలుపు ఉండదు.

"టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అన్నాడు హరికిషన్. యాప్రాల్‌లో ఏదో ఆఫీసు ఉద్యోగం ఆయనది. టై కట్టనిదే మంచినీళ్లు కూడా ముట్టడు.

"ఐ యామ్ హార్డ్‌వర్కింగ్ అండ్ డైనమిక్ సర్" అంది లాస్య, పదహారోసారి.

బ్రహ్మచారి ఓపిక అక్కడితో సరి. "ఏందిరా గీ లొల్లి? పని నేర్చుకుంటమని నా దగ్గరికి ఎంతమంది రాలె? ఎవ్వర్నన్న నీ గురించి చెప్పు అన్ననా? చేతికి పనిముట్టిస్తే మనిషి సంగతి తెల్వదా?"

"గదంతా పాత జమానా బావా. జెర ఊకో."

"తాతకు దగ్గులు నేర్పుతున్నవా? లాస్యా, ఆ ఆకురాయి ఇటియ్యి!"

పిల్ల విసుక్కుంటూ వచ్చి, రంపం పళ్లు రాకే ఆ ఉక్కు పనిముట్టు అందించింది. ఆయన పిడి కదిపి చూసి మండిపడ్డాడు.

"వదులున్నది చూస్కోవా? పిడి వదులుంటే పనిముట్టు ముట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలె? జారిందంటే మొన అరచేతుల దిగుతది!"

"పుట్టినప్పటిసంది గిదే పాట నాన్నా." పిడిని అరుగుకేసి నాలుగు దెబ్బలు కొట్టి బిగించి, ఆయన ముందు పెట్టి లోపలికి పోయింది.

కాసేపటికి మళ్లీ హరికిషన్ గొంతు. "మీ నాన్న ఏం చేస్తడు అంటే?"

"కార్పెంటర్..."

"కాదమ్మా. ఫర్నిచర్ బిజినెస్ అనాలె. రాస్కో."

లాస్య రాసుకుంది.

రంపం మీద బ్రహ్మచారి చెయ్యి ఆగిపోయింది. ముప్పై ఏళ్ల పనికి సొంత ఇంట్లోనే పేరు మార్చేశారు. ఆ కోపమంతా తర్వాత అన్నం వడ్డించిన భార్య కల్పలత మీద చూపించాడు. పప్పులో ఉప్పు సరిగ్గానే ఉందని ఆవిడకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

తెల్లారి కూతుర్ని బండి మీద కంపెనీ గేటు దగ్గర దింపాడు. వాచ్‌మన్ లోపల నిలబడనివ్వలేదు. రెండు గంటలు ఎండలో మాడాడు. ఎట్టకేలకు లాస్య బయటికి వచ్చింది.

"మామ రాయించిందంతా దండగ నాన్నా. అందుల ఒక్క ప్రశ్న సుత అడగలె. ఇనుప ముక్క, ఆకురాయి చేతిల పెట్టి, చదును చెయ్యమన్నరు."

"మరి చేసినవా?"

"ముందుగాల చెయ్యనన్న."

"నెత్తి గిట్ల ఖరాబైందా నీకు?"

"పిడి వదులుండె. బిగించేదాక ముట్టనని చెప్పి, బల్లకేసి కొట్టి బిగించుకున్నంకనే షురూ చేసిన. పరీక్ష పెట్టిన సారు కావాల్ననే వదులు పెట్టిండంట. నాకంటె ముందొచ్చినోళ్లు ఒక్కరు సుత చూస్కోలేదంట. ఎవరు నేర్పిన్రమ్మా అనడిగిండు."

బ్రహ్మచారి బండి తాళం కోసం ఒకే జేబు రెండుసార్లు వెతికాడు. "ఏమన్నవ్?"

"మా నాన్న అన్న. వడ్రంగి అన్న." లాస్య హెల్మెట్ తగిలించుకుంది. "సోమవారం సంది రమ్మన్నరు."

అంతలో హరికిషన్ ఫోన్. "బావా, బిజినెస్ అనే చెప్పింది గద?"

"వడ్రంగి బిడ్డనని చెప్పిందిరా!" అన్నాడు బ్రహ్మచారి, గేటు లోపలి వాచ్‌మన్ కూడా తిరిగి చూసేంత గట్టిగా.